అడుగు బియ్యం

బియ్యం వ్యాపారం చేసేవాడికి కలగాపులగం బియ్యాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. రాయచూరు బజారులో మా నాయన కాలం నుంచీ మాకు దుకాణం ఉంది. పాతవి పాతగా, కొత్తవి కొత్తగా, నూకలు నూకలుగా ఉండాలి. అరచేతిలో పోసుకుని ఒక్క గింజ పంటికింద పెడితే ఎన్నాళ్ళ పాతదో చెప్పగలను. అలాంటివాడి ఇంటి వెనక సందులోనే, ఊళ్ళో ఉన్న రకాలన్నీ ఒకే డ్రమ్ములో పోసే చర్చి ఒకటుంది.

పెద్ద చర్చి కాదు. రేకుల కప్పు, ముందు కాస్త వాకిలి, ఒక పక్కన రాళ్ళ పొయ్యి. అక్కడికొచ్చే ఆడవాళ్ళకొక పద్ధతి ఉంది. ఇంట్లో అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం ఆ పిడికెళ్ళన్నీ తెచ్చి డ్రమ్ములో పోస్తారు. ఒకరింటివి రేషన్ బియ్యం, ఒకరివి సోనా మసూరి, మరొకరివి నూకలు. ఆరాధన అయ్యాక అందులోంచే వండి, పొయ్యి వెలగని ఇళ్ళకు టిఫిన్ డబ్బాల్లో పంపుతారు. ఒంటరి ముసలివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, చేసిపెట్టే దిక్కులేనివాళ్ళు. మీది ఏ కులం, మీ దేవుడెవరు అని అడగరు.

నా భార్య ఆ చర్చికి పోయేది కాదు. శనివారం ఒక్కపొద్దు, సోమవారం గుడి, అంతా మా ఇంటి పద్ధతే. కానీ సందులో ఆడవాళ్ళతో మాటల్లో ఈ పిడికెడు సంగతి విన్నది, పట్టుకుంది, ఇక వదల్లేదు. ఒకసారి నాకు కోపం ఆగక అడిగాను.

"దుకాణంల బస్తాలకు బస్తాలున్నయి. ఒక బస్తా పంపిస్త. గిట్ల పిడికెళ్ళేంది?"

"బస్తా మీది. పిడికెడు నాది," అన్నది, ఎసట్లో బియ్యం పోస్తూ.

పైగా ఆమె ఇచ్చేది ఏ బియ్యమనుకున్నారు? కవితాళ వైపు ఒక రైతు దగ్గర కొని, బేరానికి పెట్టకుండా, రెండు వానాకాలాలు దాటించి ఇంటికోసం దాచే పాత సన్నాలు. వండితే మెతుకు పొడుగ్గా సాగి, దేనికది విడిగా ఉంటుంది. ఆ బియ్యాన్ని సందులో ఆడవాళ్ళ చేతికిచ్చి రేషన్ బియ్యంలో కలిపించేది. నా ప్రాణం ఉసూరుమనేది. మా కాపురంలో పోట్లాటలు సగం ఆ పిడికెడు మీదే. ఆ పోట్లాటలు కూడా ఇప్పుడు నాకు కావాలి.

పోయిన ఎండాకాలం ఆమె పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం, కాదు. మాకు పిల్లలు లేరు. దినాలు అయ్యేదాకా చుట్టాలున్నారు, తర్వాత ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. నాకు బియ్యం అమ్మడమే తెలుసు గానీ వండడం తెలీదు. స్టేషను దగ్గర ఒక మెస్సులో తినడం మొదలుపెట్టాను. అదేం అన్నమో వండినవాడికే తెలియాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి పాస్టరు గారి భార్య మా గుమ్మంలోకి వచ్చింది. ఆమెను అందరూ అమ్మగారంటారు. చేతిలో టిఫిన్ డబ్బా. అది ఎవరికో అర్థమయ్యేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్మా, నేను బియ్యం దుకాణం సావుకారిని. నాకు అన్నం తెస్తరా? లేనోళ్ళెవరికన్న ఇయ్యండి."

ఆమె నా కోపాన్ని లెక్కచేయలేదు. "బియ్యం లేనోళ్ళు నీ దుకాణానికొస్తరు. వండేటోళ్ళు లేనోళ్ళు ఏడికి పోవాలె అన్నా?" అని డబ్బా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

వెనక్కి పంపేద్దామనే అనుకున్నాను. కానీ ఆకలి, పైగా పప్పు వాసన. మూత తీశాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ అన్నం దగ్గర ఆ సామెత చెల్లదు. ఒక మెతుకు చిమిడిపోయింది, ఒకటి పలుకు, ఒకటి పిండి. వాళ్ళను తిట్టుకుంటూనే తింటున్నాను. కొంత తిన్నాక నాలుక మీద ఒక మెతుకు విడిగా, పొడుగ్గా తగిలింది. నమలడం ఆపేశాను. అది మా ఇంటి బియ్యం. పొయ్యి ముందు నిలబడి ఆమె తన చేత్తో తీసిన పిడికెట్లోది.

అన్నం అయ్యాక ఏ మెతుకు ఏ ఇంటిదో ఎలా తెలుస్తుందని మీరడగొచ్చు. ఊళ్ళో పాత సన్నాలు నువ్వొక్కడివే దాచావా అనీ అడగొచ్చు. అడగకండి.

ఆ తర్వాత వారమంతా ఆదివారం కోసమే ఎదురుచూసేవాణ్ణి. పన్నెండు దాటితే కళ్ళు గుమ్మం మీదే. గింజ గింజ మీదా తినేవాడి పేరు రాసి ఉంటుందని మా బజారులో ఉర్దూలో అంటుంటారు. నేను తినేవాడి పేరు వెతకలేదు. తీసిపెట్టినదాని పేరు వెతికాను. కొన్ని వారాలు దొరికేది, కొన్ని వారాలు దొరికేది కాదు. దొరకని రోజు ఆమె పొద్దున్నే ఊరెళ్ళిపోయినట్టుండేది, దొరికిన రోజు వంటింట్లో ఉన్నట్టుండేది.

ఒకరోజు ఉండబట్టలేక, ఎట్లా నిలవచేస్తున్నారో చూస్తానని వంక పెట్టుకుని చర్చికి వెళ్ళాను. అమ్మగారు డ్రమ్ము మూత తీసి చూపించింది.

"ఎప్పుడు కడుగుతరమ్మా దీన్ని?"

"అడుగు కనపడనియ్యమన్నా. కొంచెముండంగనే మీద పోస్తం. అడుగు కనపడితే బర్కత్ పోతది, ఉన్నది నిలవదని మా ముసలోళ్ళ మాట."

పాత బియ్యం మీద కొత్త బియ్యం పోయడమంత తెలివితక్కువ పని మా వ్యాపారంలో మరొకటి లేదు. ఇంకెవరైనా అయితే అక్కడే కడిగేసేవాణ్ణి. కానీ నాకు తట్టింది వేరే. పైన పోస్తున్నారు, పైనుంచే తీస్తున్నారు. అంటే నా భార్య పిడికెళ్ళు ఇంకా అడుగునే ఉన్నాయి. ఎప్పుడో చెయ్యి లోతుగా పోయినప్పుడు నాలుగు గింజలు పైకొస్తున్నాయి. ఆ డ్రమ్ము అలాగే ఉంటే ఆమె కూడా కొన్నాళ్ళు ఉంటుంది. నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక పొద్దున అమ్మగారు దుకాణానికి వచ్చి, కొంగున కట్టుకున్న బియ్యాన్ని బల్ల మీద పోసింది. నల్లటి పురుగులు అటూ ఇటూ పాకాయి.

"ఏం జేయాలె అన్నా? మాకు దెల్వదు. నీకెరుక."

వేపాకు వేస్తే సరిపోతుందని చెప్పొచ్చు. ఆమె నమ్మేది కూడా. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆ బియ్యం తినేది మంచాన పడ్డవాళ్ళు. నాలోని మొగుడు గింజుకుంటుండగానే వ్యాపారి నోరు తెరిచేశాడు.

"వేపాకుతోని కాదమ్మా. మొత్తం తియ్యాలె. అడుగు దాక తీసి, ఎండబెట్టి, డ్రమ్ము కడగాలె. ఉన్నది ఈ ఆదివారమే వండేసెయ్యండి."

"అడుగు తియ్యాల్నా?" అన్నది ఆమె దిగులుగా. నా దిగులు ఆమెకు తెలీదు.

శనివారం ఎండ కాసింది. చర్చి వాకిట్లో పట్టాలు పరిచి బియ్యం పోశారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఆడవాళ్ళు చాటలతో చెరుగుతూ పురుగు ఏరుతున్నారు. అన్నిటికంటే చివర డ్రమ్మును వంచితే అడుగు బియ్యం జారింది. వంగి చూశాను. సన్నగా, కాస్త పసుపుపచ్చగా, మా ఇంటి గింజలు అక్కడక్కడా కాదు, గుప్పెడు గుప్పెడు ఉన్నాయి. ఒక పిడికెడు తీసి జేబులో వేసుకుంటే ఎవరూ వద్దనరు. చెయ్యి అటే పోయింది కూడా. కానీ అవి ఆమె పక్కకు తీసినవి. పక్కకు తీసినదాన్ని మళ్ళీ ఇంట్లో కలుపుకునే అలవాటు ఆమెకు లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కానీ రేపు నా డబ్బాలో ఎలాగూ వస్తుందిలే అన్న ధైర్యం ఉంది, అబద్ధమెందుకు.

ఆదివారం ఆ బియ్యమంతా వండేశారు, నేనూ అక్కడే ఉన్నాను. డబ్బాలు సర్దేటప్పుడు ఒకటి తక్కువ పడింది. జాలహళ్ళి నుంచి ఎప్పుడో కూలికొచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒక ముసలామె, సందు చివర గదిలో పడి ఉందని ఆ పొద్దునే తెలిసిందట. షుగరు మనిషి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. గిన్నె గీకేశారు. ఆ రోజు వచ్చిన కొత్త పిడికెళ్ళతో మళ్ళీ వండాలంటే గంట పడుతుంది. అమ్మగారు నావైపు చూడలేదు, చూసి ఉంటే బహుశా నేను కదిలేవాణ్ణి కాదు.

"నాది ఆమెకియ్యండి. నేనే తీస్కపోత," అన్నాను.

దారి పొడుగునా డబ్బా వేడి చేతికి తగులుతూనే ఉంది. ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కళ్ళు చిట్లించింది.

"నువ్వు బియ్యం దుకాణం సావుకారివి గద?"

అవునన్నాను. డబ్బా విప్పి, కంచంలో పెట్టి, పప్పు పోసి ఇచ్చాను. నా పని అయిపోయింది, వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. గడప మీద కూర్చున్నాను. ఆమె మెల్లగా కలుపుకుని తింటోంది. పప్పు అంటని చోట, కంచం అంచున, పొడుగు మెతుకులు కనపడుతున్నాయి. ఒక్కో ముద్దా తగ్గుతోంది. మిగతా డబ్బాలు ఈపాటికి ఖాళీ అయ్యుంటాయి. ఇక ఈ ఊళ్ళో, ఈ లోకంలో, నా భార్య చెయ్యి పెట్టిన బియ్యం ఆ కంచంలో ఉన్నంతే. మా ఇంట్లో అదే పాత బియ్యం బస్తా ఇంకా ఉంది, కానీ దాంట్లో ఆమె చెయ్యి పడలేదు.

కంచంలో కొంచెమే మిగిలింది. నాకు సిగ్గు పోయింది.

"అమ్మా, నాకొక ముద్ద పెడ్తవా?"

ఆమె తినడం ఆపి నా మొహంలోకి చూసింది. దుకాణం సంగతి గానీ, బస్తాల సంగతి గానీ ఎత్తలేదు. మిగిలినదంతా దగ్గరికి తీసి ముద్ద చేసింది.

"ఆకలైతుందా బిడ్డా?"

చెయ్యి చాపాను.

"అయితుందమ్మా," అన్నాను. "శాన దినాల నుంచి."