రబ్బరు పాపతో గద్వాల సభలకు

మా జిల్లా డాక్టర్ల సంఘం వార్షిక సభలు ఆ ఏడు గద్వాలలో పెట్టారు. ఎనభైల చివరి సంవత్సరాల మాట. అప్పుడు నేను నాగర్‌కర్నూల్ ప్రభుత్వ దవాఖానలో కాన్పుల వార్డు చూసేదాన్ని. సంఘంలో చేరి చాలా కాలమే అయినా ఒక్క సభకూ వెళ్లింది లేదు. సెలవు దొరికితే బస్సు దొరికేది కాదు, రెండూ దొరికితే వార్డులో ఎవరికో నొప్పులు మొదలయ్యేవి.

ఈసారి మాత్రం తప్పించుకునే వీలు లేకపోయింది. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం ఎలాగో చేతులతో చేయించి నేర్పే శిక్షణ ఒకటి ఆ సభల్లో పెట్టారు. నేర్పడానికి కర్నూలు నుంచి పిల్లల వైద్యుడు, ప్రొఫెసరు గారొకరు వస్తున్నారు. ఆయన శిక్షణకు వాడే రబ్బరు పాప నా దగ్గర ఉంది. అంతకు ముందు వారం మా నర్సులకు నేర్పడానికి వచ్చి, "గద్వాలకు ఎలాగూ వస్తారు కదమ్మా, మీతోనే తెచ్చేయండి" అని నాకు అప్పగించి వెళ్లారు.

ఆ పాప అచ్చం అప్పుడే పుట్టిన బిడ్డలా ఉండేది. అంతే పొడవు, ఇంచుమించు అంతే బరువు, మూసిన కళ్లు, కాస్త తెరిచిన నోరు. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు ఆనించి, దానికి తగిలించిన గాలి సంచిని వేళ్లతో పిండితే లోపలి తిత్తి నిండి ఛాతీ పైకి లేస్తుంది. తల సరిగ్గా పట్టుకుంటేనే సుమా. తల మరీ వెనక్కి వాలినా, ముందుకు ఒరిగినా ఛాతీ కదలదు. మా జిల్లాకు వచ్చింది అదొక్కటే కాబట్టి అది లేకపోతే ఆ శిక్షణే లేదు.

శనివారం పొద్దున ఆరున్నరకు వనపర్తి బస్సెక్కాను. పాప ఉన్న చెక్కపెట్టెను కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. పెట్టెను పైన వేయమని కండక్టరు రెండుసార్లు చెప్పాడు గానీ నేను వినలేదు. మంచు ఇంకా విడలేదు. బిజినేపల్లి దాటేదాకా కిటికీలోంచి ఆముదం చేలు మసకగా కనిపిస్తూ వచ్చాయి. ఆ దారిలో వెళ్లేవాళ్లకు ఒక మాట: చలికాలమైతే ఎడమవైపు కూర్చోకండి. మా బస్సులో ఆ వైపు ఒక్క కిటికీ కూడా సరిగ్గా మూతపడలేదు.

వనపర్తి బస్టాండులో దిగేటప్పుడే ప్రమాదం జరిగింది. మేము దిగకముందే ఎక్కేవాళ్లు మీద పడ్డారు. కిటికీల్లోంచి తువ్వాళ్లు విసురుతున్నారు. ఆ తోపులాటలో పెట్టె నా చేయి జారి మెట్ల మీద నుంచి కింద పడింది. గొళ్లెం ఊడి, మూత తెరుచుకుని, పాప నేల మీదికి దొర్లింది.

"అయ్యో, పసిగుడ్డు! పసిగుడ్డును పడేసిండ్రు!" అని ఎవరో కేకపెట్టారు. అక్కడ జామకాయలమ్ముకునే ఆవిడ గంప వదిలేసి పరుగున వచ్చి పాపను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. మరుక్షణమే ఆమె ముఖం తెల్లబోయింది.

"సల్లగుందమ్మా! పానం లేదు దీనికి!"

చుట్టూ జనం మూగారు. అది బొమ్మ అని నేను చెబుతూనే ఉన్నాను, ఎవరికీ వినిపించలేదు. ఒకాయన పోలీసులను పిలవమని కూడా అన్నాడు. ఇంతలో తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకరు జనాన్ని చేతులతో పక్కకు నెట్టుకుంటూ వచ్చారు. ఆవిడ చేతిలోంచి పాపను తీసుకుని, పొట్ట మీద రెండు వేళ్లతో తట్టి, పెద్దగా నవ్వారు.

"రబ్బరుది. పోండ్రి, పోండ్రి, ఎవరి పని వాళ్లు సూస్కోండ్రి."

జనం వెంటనే విడిపోయారు. ఆయన డాక్టర్ కిష్టారెడ్డి గారు. వనపర్తిలో సగం ఊరు ఆయన చేతుల మీద పుట్టిందని చెప్పుకునేవాళ్లు. నేను పేరు వినడమే గానీ మనిషిని చూడటం అదే మొదటిసారి. ఆయన కూడా సభలకే బయలుదేరారు. పెట్టె ఇక పనికి రాదని తేలాక మాస్కును, గాలి సంచిని చేతిసంచిలో వేసుకుని, నా శాలువాలో పాపను చుట్టి ఎత్తుకున్నాను. టీ తాగి గద్వాల బస్సెక్కాం.

బిడ్డతో ఎక్కితే సీటు దానంతటదే దొరుకుతుందని ఆ రోజు తెలిసింది. "జర జరుగుండ్రి, బాలింత వచ్చింది" అని కండక్టరే ఇద్దరిని లేపాడు. ఇది బిడ్డ కాదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు కిష్టారెడ్డి గారు "కూసో బిడ్డా, కూసో" అని తాను కూడా పక్క సీటులో సర్దుకున్నారు. గద్వాలలో మగ్గం నేసే అక్క ఇంటికి వెళుతున్న ఒకావిడ నా ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, కొత్తకోట దాకా శాలువా వైపే చూస్తూ వచ్చింది.

"ఎన్ని దినాలైంది చెల్లె? ఒక్కసారి గూడ మెదల్తలేదు."

ఇక దాచలేక విప్పి చూపించాను. నిమిషంలో బస్సంతా మా వైపు తిరిగింది. ఎందుకు, ఏమిటి అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పాప పెదవులు వేలితో ముట్టుకుని చూసి, "గిట్లనే నోరు తెర్సుకొని ఉండె మా రెండోది. ఏడ్వలే" అంది. తర్వాత ముందుకు తిరిగి కూర్చుంది.  నేను పాపను మళ్లీ శాలువాలో చుట్టాను.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటాక కిష్టారెడ్డి గారు తన మనసులో మాట చెప్పారు.

"నలభై ఏండ్ల సంది కాన్పులు చేస్తున్న డాక్టరమ్మా. కాళ్లు పట్టి తలకిందులు చేసి రెండు దెబ్బలేస్తె ఏడుస్తది. ఏడ్వనిది ఏం చేసినా ఏడ్వదు. బొమ్మ తోటి ఏం నేర్పుతరు మాకు?"

"మరి ఎందుకు వస్తున్నారు సార్?" అన్నాను.

"సభలకు రాకుంటె దోస్తులెట్ల కలుస్తరు?" అని నవ్వారు.

పదకొండు దాటాక గద్వాల చేరాం. సభలు కోటకు దగ్గర్లోనే, ఒక బడి హాలులో. ప్రొఫెసరు గారు మా కోసమే గుమ్మంలో నిలబడి ఉన్నారు. పాపను బల్ల మీద పడుకోబెట్టి, మాస్కు ఆనించి గాలి సంచి పిండారు. ఛాతీ లేవలేదు. తల సర్ది మళ్లీ పిండారు. లోపలెక్కడో బుస్సుమని గాలి పోయింది. వనపర్తిలో పడ్డప్పుడే తిత్తి చిరిగిందన్నమాట. శిక్షణ మూడు గంటలకు. పాలమూరు నుంచి, అచ్చంపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు దాని కోసమే వచ్చి కూర్చున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"సైకిలు షాపుకు పోదాం పాండ్రి" అన్నారు కిష్టారెడ్డి గారు.

ప్రొఫెసరు గారు ఆయన వైపు వింతగా చూశారు. కానీ వేరే దారి కూడా లేదు. ముగ్గురం నడిచి బజారుకు వెళ్లాం. షాపు యజమాని మహబూబ్, గడ్డం నెరిసిన మనిషి. పాప వీపు తెరిచి తిత్తి బయటికి తీస్తుంటే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఏదైనా ట్యూబే గద సార్. గాలి యాడ పోతుందో సూడాలె, అంతే."

తొట్టిలో నీళ్లలో ముంచి నొక్కితే అతుకు పక్కన సన్నగా బుడగలు వచ్చాయి. తుడిచి, రుద్ది, సొల్యూషను రాసి, పల్చటి ముక్క అతికించాడు. అప్పటికే షాపు ముందు జనం నిండిపోయారు. జరీ దారం చుట్టిన కండెల సంచులతో వెళుతున్న నేతవాళ్లిద్దరు సైకిళ్లు దిగి మరీ నిలబడ్డారు. ప్రొఫెసరు గారు ఊపిరి బిగబట్టి గాలి సంచి పిండారు. పాప ఛాతీ మెల్లగా లేచి, మెల్లగా దిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎక్కువ ఇవ్వబోతే మహబూబ్ తీసుకోలేదు. "సైకిల్ పంచరుకు ఎంతో దీనికి గూడ గంతే సార్" అన్నాడు.

మూడింటికి శిక్షణ మొదలైంది. ప్రొఫెసరు గారు నన్ను బల్ల దగ్గరే నిలబెట్టుకున్నారు. తల పట్టుకునే తీరు చెప్పడానికి ఆయన ఒకే పోలిక వాడారు. పువ్వు వాసన చూసేటప్పుడు ముఖం కాస్త ముందుకు చాచి ఎత్తుతాం కదా, బిడ్డ ముఖం అలా ఉండాలి. ఒక్కొక్కరే వచ్చి ప్రయత్నించారు. కొందరికి మొదటిసారే వచ్చింది, కొందరికి నాలుగోసారికి వచ్చింది. వచ్చినప్పుడు ఆ ముఖాల్లో వెలుగు చూడాలి. పెద్దపెద్ద సర్జన్లు బడిపిల్లల్లా ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

కిష్టారెడ్డి గారు వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. కుర్ర డాక్టర్లు బలవంతం చేస్తే లేచి వచ్చారు. మాస్కును గట్టిగా అదిమి, తలను బాగా వెనక్కి వంచి, సంచిని పిండారు. ఛాతీ లేవలేదు. ఇంకా గట్టిగా అదిమారు. లేవలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మాస్కు బల్ల మీద పెట్టేసి, "మావి పాత చేతులు" అని నవ్వి బయటికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం టీ దగ్గర కనబడ్డారు గానీ పొద్దుటిలా నవ్వుతూ పలకరించలేదు. 

ఆడ డాక్టర్లకు అతిథి గృహంలో బస ఇచ్చారు. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు మాత్రం అడిగి తెప్పించుకోవాలి. మర్నాడు ఉదయమంతా పాముకాటు మీద, క్షయ మీద ఉపన్యాసాలు. మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, గుత్తివంకాయ. ఉపన్యాసాల కంటే అవే బాగున్నాయని అన్నవాళ్లు ఉన్నారు. ఖాళీ దొరికిన ఆడవాళ్లంతా చీరలకు బజారుకు వెళ్లారు. నేను పాప దగ్గర కాపలా ఉండిపోయాను. గద్వాల వెళ్లి చీర కొనకుండా తిరిగొచ్చానంటే మా అమ్మ చాలా కాలం నమ్మలేదు.

భోజనాల తర్వాత సర్వసభ్య సమావేశం. రబ్బరు పాపను జిల్లాలోనే ఉంచి ఊరూరా శిక్షణ పెడదామని ప్రొఫెసరు గారు అన్నారు. ఒక సభ్యుణ్ణి నెల రోజులు హైదరాబాదులోని పిల్లల ఆసుపత్రికి పంపి, నేర్పేవారిగా తయారు చేయించే అవకాశం కూడా సంఘానికి వచ్చిందట. ఆయన నా పేరు చెప్పారు. హాలంతా నా వైపు చూసింది. ఎవరూ మాట్లాడకముందే వెనక వరసలోంచి కిష్టారెడ్డి గారు లేచారు.

"నేర్సుకొని వచ్చినంక మా అసుంటి ముసలోళ్లకు గూడ నేర్పుతవా బిడ్డా?"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"నేర్పుతాను సార్" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. 

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. కిష్టారెడ్డి గారు నా పక్కనే కూర్చున్నారు. ఎర్రవల్లి చౌరస్తా దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి చేతులు చాచారు.

"అది ఇటియ్యి."

పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని మాస్కు తీసుకున్నారు. 

"మొన్న ఎండకాలంల ఒకటి పోయింది. మంచి బరువుండె, నిండు నెలల పిల్ల. గుండె కొట్టుకుంటనే ఉండె. ఊపిరే తీయలె. నాకు తెల్సినయన్ని చేసిన." మాస్కును వేళ్ల మధ్య తిప్పారు. "అప్పటి సంది కాన్పు పట్టాల్నంటె భయమైతుంది. ఎవరికి చెప్తం?"

 ఆయన చేతి మీద చేయి వేసి, పాప తలను కాస్త ముందుకు తెచ్చాను. "ఇంత చాలు సార్. పువ్వు వాసన చూస్తున్నట్టు. అదమకండి. గడ్డాన్ని మాస్కులోకి ఎత్తండి." రోడ్డు గుంతలకు ప్రతిసారీ తల జారిపోయేది. మళ్లీ మొదలు. చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపి చూస్తున్నారు. కండక్టరు వచ్చి, "పాపకేమైంది సార్?" అన్నాడు.

"పాపకేం గాలే. నాకే నేర్పుతుంది" అన్నారాయన తల ఎత్తకుండానే.

పెబ్బేరు దగ్గర పడుతుండగా ఛాతీ లేచింది. ఆయన ఆగిపోయి నా వైపు చూశారు. మళ్లీ పిండారు, మళ్లీ లేచింది. ఆ తర్వాత వనపర్తి దాకా సంచి వదలలేదు. బస్సు కుదిపినా తల జారకుండా పట్టుకోవడం అలవాటైంది. మధ్యమధ్యలో "సూడు, సూడు" అంటూ నాకు చూపించారు. ఆ ముఖంలో అలసట గాని, చిన్నబోయిన జాడ గాని కనిపించలేదు.

వనపర్తిలో దిగేముందు మొహమాటంగా అడిగారు. "వారం దినాలు నా దగ్గర ఉంచుకుంట బిడ్డా. మా నర్సులిద్దరికి గూడ చూపిస్త. నేనే తెచ్చి నాగర్‌కర్నూల్ల ఇస్త."

ఇచ్చేశాను. మాస్కు, గాలి సంచి జేబులో పెట్టుకుని, పాపను ఎడమ చేతి మడతలో సర్దుకుని, ఆయన జనంలో జాగ్రత్తగా దిగారు. పొద్దు వాలుతోంది, చలిగాలి మొదలైంది. నేను నాగర్‌కర్నూల్ బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆయన బస్టాండు దాటుతూ కనిపించారు. నాలుగడుగులు వేసి ఆగి, పాప చెవుల మీదికి శాలువా లాగి కప్పి, మళ్లీ నడిచారు.

అది నా శాలువా అని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటిదాకా చలికి వణుకుతూనే వచ్చాను. కిటికీ ఆ రోజూ మూతపడలేదు. ఆ తర్వాత ఎన్నో సభలకు వెళ్లాను, హైదరాబాదులో నెల రోజులు ఉండి వచ్చాను, చాలా ఊళ్లలో నేర్పాను. అయినా గద్వాల పేరు వింటే నాకు ముందుగా తోచేది ఆ సాయంత్రం ఒళ్లో ఏమీ లేకుండా, మనసు నిండుగా కూర్చుని ఇంటికి వచ్చిన ఆ ప్రయాణమే.