ఒక గరిటె తిరగవాత

మొగుడు పోయిన ఎనిమిదో దినమే తిరగవాత అడిగి మరీ తిన్నదని మా అత్త సుందరలక్ష్మికి మైదుకూరు బజారంతా పేరు. ఆ మాట అబద్ధం. ఆ అబద్ధానికి కారణం నేనే, ఆమె కోడలిని, ఈ పుల్లమ్మని.

మా మామ కేశవయ్య పందొమ్మిదివందల యాభై రెండులో, వానల్లేని ఎండాకాలంలో పోయాడు. మైల తీరేదాకా మా ఇండ్లలో పొయ్యి మీద నూనె కాగకూడదు. చప్పిడి పప్పు, అన్నం, అంతే. అత్త అదీ ముట్టలేదు. ఏడు దినాలు మజ్జిగ నీళ్లతో కూచుంది. లేస్తే గోడ పట్టుకునేది. ఈమె కూడా పోతుందేమోనని నాకు భయం.

ఎనిమిదో దినం ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు కిటికీ మూసి, గరిటెలో నూనె కాచి, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువ వేసి ఆమె పప్పు మీద పోశాను. ఘనకార్యం చేసినట్టు తీసుకుపోయి పెట్టాను. ఆమె నా మొహం చూసింది. తిన్నది.

"ఇంగ రోంత ఎయ్యి" అనింది.

అంతలో పక్కింటి గురమ్మ వచ్చింది.

"తిరగవాత వాసనొస్తాండాది. ఎవురు పెట్టినారమ్మే?"

నాకు పెండ్లై ఏడాది కాలేదు. గరిటె వెనక్కి దాచుకున్నాను.

"నేనే అడిగి పెట్టించుకున్యా" అనింది అత్త.

గురమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పోయింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఆ తర్వాత ఆరేళ్లు అత్త తిరగవాత ముట్టలేదు. తిరగవాత పెట్టకముందే ఆమె పప్పు వేరే గిన్నెలోకి తీసేదాన్ని. నేను నిజం చెప్పేస్తానంటే ఒప్పుకునేది కాదు.

"నోరు మూసుకో పాపా. నువ్వు ఇంగా శానా దినాలు ఈ బజార్లో బతకాల."

మూసుకున్నాను. ఆమె వద్దన్నదని కాదు, నాకు అదే హాయిగా ఉండి మూసుకున్నాను. పాడు బుద్ధి.

మొన్న యాభై ఎనిమిదిలో అత్త పోయింది. కర్మాంతరం నాడు ఆమెకు ఇష్టమైనవి వండి పెట్టాలని ఆడవాళ్లు చేరారు.

"పప్పులోకి బాగా తిరగవాత పెట్టమ్మే పుల్లీ. ఆయమ్మకు అదంటే పానం కదా" అనింది గురమ్మ.

అందరూ తలలూపారు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నూనె కాచి, ఆవాలు వేసి, ఆరేళ్లు ఆమె ముట్టనిదాన్ని ఆమె పేరున పెట్టిన ఆకులో నా చేతులతో నేనే పోశాను.