పద్నాలుగో సంపుటం

మా వీధి దర్జీ ఆవిడ పుస్తకం చదివేటప్పుడు కూడా మెడలోని టేపు తీయదు. మధ్యలో ఎవరైనా వస్తే దాన్నే పుటలో అడ్డం పెడుతుంది. మంచు దీవులు, నిలువురాళ్ల వలయాలు, వీణ పట్టుకుని దేశాలు తిరిగే గాయకుడు ఉన్న, పదిహేను సంపుటాలుగా వస్తున్న నవలను ఆమె, చెల్లెలు చిన్నప్పటి నుంచి ఒకే దిండు మీద తలలు ఆనించి చదివారు. ఒకరిని వదిలి ఒకరు పుట తిప్పకూడదని ఒప్పందం. మంచాన పడ్డ అమ్మను ఎవరు చూడాలన్న గొడవలో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. చివరిదానికి ముందు సంపుటం పోయిన నెల వచ్చింది. అక్క కొన్నది గాని, ఒప్పందం గుర్తొచ్చి అట్ట కూడా తిప్పలేదు.

నిన్న చెల్లెలు కూతురి గౌను గుడ్డ పట్టుకుని అక్క కొట్టుకు వచ్చింది. మిషను పక్కన పుస్తకం చూసి, "ఇంకా దాచుకున్నావా? నేనెప్పుడో చదివేశా. నీ వీణవాడు ఇందులోనే చచ్చిపోతాడులే," అంది.

అక్క తలెత్తలేదు. "చేతులు పొడుగ్గా పెట్టాలా, పొట్టిగానా?" అంది.

చెల్లెలు గుడ్డను బల్ల మీద పెట్టింది. "ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చానే అక్కా. చెప్పుకోడానికి నాకెవరున్నారు?"

అక్క కుర్చీ మీది గుడ్డలు తీసి కూర్చోమంటే చాలు. అది ఇద్దరికీ తెలుసు.

"బుధవారం రా," అని అక్క మిషను తొక్కడం మొదలుపెట్టింది.