పెళ్లికొడుకు బూటు మీద గుండ్రాయి

మా నాయన నల్లప్పకు ఎవరు ఎదురైనా ముందు కాళ్లు కనిపించేవి. ఆయన చూపు మొహం దాకా ఎక్కడానికి చాలాసేపు పట్టేది. కొందరి విషయంలో అసలు ఎక్కేదే కాదు. హిందూపురం బజారులో ఎవరైనా నమస్కారం పెడితే వాళ్ల బూట్లకు తిరిగి నమస్కారం పెట్టి వచ్చేవాడు. "ఎవరు నాయనా ఆయన?" అని అడిగితే, "తెలీదు పాపా. తొమ్మిది నంబరు. ఎడమ మడమ అరిగిపోయినాది," అనేవాడు.

అన్ని రకాల చెప్పులూ ఆయనకు లెక్కలోకి రావు. ఫ్యాక్టరీల్లో వేసుకునే సేఫ్టీ బూట్లంటేనే ప్రాణం. ఊరి బయట ఇనుప కడ్డీలు చేసే ఫ్యాక్టరీలో నాయన స్టోర్‌కీపరు. పనివాళ్లకు బూట్లు, గ్లవుజులు, హెల్మెట్లు కిటికీలోంచి అందించే ఉద్యోగం. అందించి ఊరుకోవచ్చు కదా. ఆయన మాత్రం లేసుల కింద నాలుకలా ఉండే తోలు ముక్కను బయటికి లాగి, దాని వెనక అచ్చేసిన అక్షరాలను పంచాంగం చూసినంత శ్రద్ధగా చూసి, అప్పుడు ఇచ్చేవాడు.

ఆ అక్షరాలు నాకు అ ఆల కంటే ముందు వచ్చాయి. ఎస్ బి అంటే వేళ్ల మీద గట్టి టోపీ ఉంటుంది, అంతే. ఎస్ వన్ అంటే టోపీతో పాటు మడమ కింద మెత్త ఉంటుంది, ఒంట్లో కరెంటు పోగుపడకుండా చూస్తుంది, కాని పొడి నేలకు మాత్రమే. ఎస్ టూకు నీళ్లు తొందరగా దిగవు. ఎస్ త్రీకి నీళ్లతో పాటు మేకు కూడా దిగకుండా అడుగున పొర ఉంటుంది, నేలను పట్టుకునే గాట్లు ఉంటాయి.

"ఓ అక్షరంతో మొదలైతే?" అని నాయన అన్నం కలుపుకుంటూ పరీక్ష పెట్టేవాడు.

"వేళ్లకు టోపీ ఉండదు నాయనా."

"శభాష్."

నన్ను ఎక్కాలు అడిగిన గుర్తు లేదు.

కొన్నాళ్లకు ఆ మార్కులు మనుషులకు కూడా వేయడం మొదలుపెట్టాడు. మా అమ్మ నీలావతి ఎస్ త్రీ. "మీ అమ్మకు నీళ్లూ దిగవు, మేకూ దిగదు," అని మెచ్చుకునేవాడు. "నీకు బుద్ధి దిగదు," అని వంటింట్లోంచి జవాబు వచ్చేది. నేను ఎస్ వన్. "మల్లిక పొడి నేల మీద బాగా నడుస్తాది. ఇంత తడి తగిలితే చాలు, లోపలికంతా దిగిపోతాది," అనేవాడు. నాకు ఏడుపు తొందరగా వస్తుందని ఆయన భావం. ఆ మాట వినగానే నిజంగానే వచ్చేది.

మనవాళ్లు ఏ ఇంటికి వెళ్లినా, ఏ గుడికి వెళ్లినా చెప్పులు బయట విప్పుతారు. నా బతుకులో సగం సిగ్గు ఆ ఆచారం వల్లే వచ్చింది. లోకంలోని బూట్లన్నీ మనుషులు లేకుండా, నాలుకలు లాగడానికి వీలుగా, నాయన కోసం గుమ్మాల ముందు ఎదురుచూస్తూ ఉండేవి. ఒకసారి హిందూపురంలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. తాళి కట్టే వేళకు నాయన లేడు. బయటికొచ్చి చూస్తే చెప్పుల గుట్ట మధ్య గొంతుక్కూర్చుని, ఒక బూటును కంటికి ఆనించుకుని ఉన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు ఆయన కాలరు పట్టుకుని ఉన్నారు.

"ఎవురప్పా నువ్వు? ఈడేం చేస్తాండావు?"

"చదువుతాండా."

"బూట్లో ఏం చదువుతాండావు?"

"తేదీ. ఇది చేసి చానా ఏండ్లయింది. పైకి కొత్తగా ఉండాది గాని అడుగు పెళుసుబారి ఉంటాది. ఎవురివో వాళ్లను పిలువు నాయనా."

"చూడు రా, దొంగిలించేదీ ఈయనే, ఓనర్ను పిలవమనేదీ ఈయనే!"

ఓనరు వచ్చి, కోపంగా బూటు లాక్కుని, తొడుక్కుని, నాలుగు అడుగులు వేశాడు. అడుగు వేరుశనగ చిక్కీలా ముక్కలై ఫంక్షన్ హాలు మెట్ల మీద పడింది. నాయన ఆ ముక్కలు ఏరి ఆయన చేతికే ఇచ్చాడు. అంతసేపూ నేను స్తంభం వెనక నిలబడి, తలలో పూలు సర్దుకుంటూ ఉన్నాను. అన్నిసార్లు సర్దితే పూలే మిగల్లేదు.

తర్వాత నాకు ధర్మవరం నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు మారుతి. పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో అతని మేనమామ నరసింహులు లేబర్ కాంట్రాక్టరు. ఆయన తెచ్చిన పనివాళ్ల మీద మారుతి సూపర్‌వైజరు. తండ్రి లేని మారుతిని పెంచింది ఆ మేనమామే కాబట్టి ఆయన ఊ అంటేనే పెళ్లి. ఫోటోలో పిల్లవాడు నాకు బాగా నచ్చాడు. దేవుణ్ణి ఒకటే కోరుకున్నాను: పెళ్లిచూపుల పూట నాయన చూపు నేల మీద పడకుండా చూడు స్వామీ అని.

నాయన ముందే పెనుకొండ వెళ్లి విచారించి వచ్చాడు.

"ఎట్లుండాడు?" అంది అమ్మ.

"షిఫ్టు వదిలే టైముకు గేటు కాడ నిలబడినా. ఆడ పనిచేసేటోళ్ల బూట్లు..."

"నేను పిల్లోని గురించి అడుగుతాండా."

"పిల్లోడు ఎస్ త్రీ. మాట్లాడినా," అన్నాడు నాయన. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

వాళ్లు రానే వచ్చారు. మారుతి పట్టు చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ ప్యాంటు వేసుకున్నాడు. కాళ్లకు మాత్రం బురద కొట్టుకున్న సేఫ్టీ బూట్లు. అవీ ఒక సైజు పెద్దవి. బాతులా నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో విప్పాడు.

"కొత్త చెప్పులుండాయి రా అంటే వినడు. షిఫ్టు నుంచి ఇట్లే వచ్చేసినా అంటాడు," అని వాళ్లమ్మ ఉలిగమ్మ నొచ్చుకుంది.

మా గుమ్మంలో సేఫ్టీ బూట్లు!

నేను తల వంచుకుని అందరికీ కేసరిబాత్ ఇచ్చాను. "ఏం చదివినావమ్మా?" అన్నాడు నరసింహులు. నేను నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"ఈ బూట్లు ఎవురివప్పా?"

"నావే మామా," అన్నాడు మారుతి. ఏదీ కుదరకముందే మామా అన్నాడే అని, ఆ గండంలో కూడా నాకు సంతోషం వేసింది.

"నాలిక మీద ఎస్ త్రీ అని ఉండాదే."

"మంచి బూట్లప్పా అవి," అన్నాడు నరసింహులు నోటినిండా కేసరిబాత్‌తో. "నేనే తెప్పించినా. మావాళ్లందరికీ అవే."

"అట్లనా? మే నీలావతీ, ఒక మేకు తే."

అమ్మ కొంగు ముడి విప్పి మేకు తీసి ఇచ్చింది. ఆడవాళ్ల కొంగు ముడిలో ఏమైనా ఉంటుంది కదా, నాకు వింతగా తోచలేదు. నాయన బూటును తిరగేసి, రాయితో రెండు దెబ్బలు వేశాడు. మేకు మొన లోపల మొలకెత్తింది. ఆ బూటును తాంబూలం పళ్లెంలా వరసగా అందరి ముందుకూ తిప్పాడు.

"చెయ్యి పెట్టి చూడప్పా. జాగ్రత్త, గుచ్చుకుంటాది. ఎస్ త్రీ అయితే ఇట్ల దిగకూడదు."

"పిల్లను చూడనీకి వస్తే నువ్వు బూట్లు చూస్తావేమప్పా!" అన్నాడు నరసింహులు.

"పిల్లను మీరు చూస్తాండారు గదా. నేను ఖాళీగా ఉంటి."

అని పెరట్లోకి వెళ్లి రుబ్బురోలు గుండ్రాయిని పసిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు. "నాయనా, వద్దు," అన్నాను. నా పెళ్లిచూపుల్లో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"వేళ్ల మీద టోపీ ఇరవై కేజీల బరువు మీటరు ఎత్తు నుంచి పడినా తట్టుకోవల్ల. ఈ గుండు అందులో సగం కూడా లేదు. మోకాలెత్తు నుంచే వేస్తా. చూడండి."

వేశాడు. బూటు ముందుభాగం అప్పడంలా పటుక్కుమంది. "అయ్యో, నా కొడుకు కాలు!" అని ఉలిగమ్మ కేక పెట్టింది. ఆమె కొడుకు ఆమె పక్కనే, చాప మీద, రెండు కాళ్లతోనూ క్షేమంగా కూర్చుని ఉన్నాడు.

పక్కింటివాళ్లు కిటికీలోకి వచ్చేశారు. నా చెవులు కాలిపోతున్నాయి. ఆ చితికిన బూటులోనే దూరి దాక్కుందామా అనిపించింది. మారుతి తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. పాపం, అవమానంతో ఏడుస్తున్నాడు అనుకున్నాను. నరసింహులు మొహం కందగడ్డలా అయింది.

"లెయ్యక్కా, పోదాం," అని ఆయన లేచాడు.

అంతే, సంబంధం పోయింది. నేను ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాను. గుమ్మం దాకా వెళ్లిన నరసింహులు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తర్వాత నాయన మీద విరుచుకుపడ్డాడు.

"ఏమప్పా, నీకు కండ్లుండాయా? ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతాండాది! ఇంక నిలుపు. బూట్లే గదా, మార్పిస్తా. అందరికీ మార్పిస్తా. ముందు ఆ గుండు కింద పెట్టు."

నాయన రెండో బూటు కోసం గుండు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. "ఎస్ త్రీ," అన్నాడు.

"ఎస్ త్రీనే!"

"తేదీ చూసుకోవల్ల."

"చూసుకుంటా!"

"అసలైనవి."

"దేవుని తోడు, అసలైనవి!"

నాయన గుండు దించాడు. నరసింహులు మళ్లీ కూర్చున్నాడు. నా కన్నీళ్లు ఆగేదాకా ఉండి, "బంగారం అట్లాంటి పిల్ల. ఇట్లాంటోని కడుపున పుట్టింది," అని జాలిపడి, తాంబూలం పుచ్చుకున్నాడు. మారుతి నాయన హవాయి చెప్పులు వేసుకుని ధర్మవరం వెళ్లాడు.

పెళ్లయింది గాని ఆ పూట నన్ను వదల్లేదు. ధర్మవరంలో ఏ శుభకార్యానికి వెళ్లినా "గుండ్రాయి పెళ్లికూతురు వచ్చినాది" అనేవాళ్లు. నేను తెలుగు చెప్పే బడిలో స్టాఫ్‌రూమ్ దాకా ఆ కథ పాకింది. మా పాప చందన నామకరణానికి నాయనను గుమ్మానికి వీపు పెట్టి కూర్చోబెట్టాను. బుద్ధిగా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. కాని లోపలికి ఎవరు వస్తున్నా గొణుగుతూనే ఉన్నాడు: "ఎస్ వన్ వచ్చినాది... ఇది ఉత్త చెప్పు... ఎవురో బరువైన మనిషి, ఎనిమిది నంబరు..."

మొన్న మాఘమాసంలో నాయన పోయాడు. రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. చెప్పులు మంచం కింద జతగా, ముందుభాగం వాకిలి వైపుకు తిప్పి ఉన్నాయి.

నాయన కర్మ పెద్ద దినం నాడు పెనుకొండ నుంచి ఒక టెంపో నిండా మనుషులు వచ్చారు. నాకు ఒక్కరూ తెలియదు. వచ్చి, ఫోటోకు దండం పెట్టి, భోజనాలకు కూర్చున్నారు. నేను నీళ్ల చెంబు తేవడానికి గుమ్మంలోకి వెళ్లి ఆగిపోయాను. బయట బూట్ల వరస. ప్రతి బూటుకూ నాలుక బయటికి లాగి, మడిచి, అక్షరాలు పైకి కనబడేలా పెట్టి ఉంది.

"ఎవరు వీళ్లంతా?" అని మారుతిని పెరట్లోకి లాక్కెళ్లి అడిగాను.

"మావాళ్లే. అదో, ఆ చివర కూర్చున్నోడు మహేష్. నేను మన పెళ్లిచూపులకు వేసుకొచ్చిన బూట్లు వానివే."

"వాని బూట్లెందుకు?"

మారుతి తల గోక్కున్నాడు. "నాకు సూపర్‌వైజర్లకిచ్చే మంచి బూట్లుండె. వాళ్లకు మా మామ తెప్పించినవి నాసిరకం. వాళ్లు అడిగితే పని పోతాది. నేను అడిగితే, తమ్మునితో చెడిందని ఇంట్లో మా అమ్మకు ముద్ద దిగదు. మీ నాయన గేటు కాడికి వచ్చిన దినం ఆయనకు చెప్పుకున్నా. 'ఈ మాట మీ ఎవురి పేరు మీదా రాకూడదు, పిచ్చోని పేరు మీద రానీ. పెళ్లిచూపులకు ఆ బూట్లే వేసుకుని రా' అన్నాడు."

"అంటే ఆ పూట ఏడవలేదా?"

"నవ్వాపుకోలేక చచ్చినా."

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెప్పొద్దన్నాడు. 'నేను ఎంత అరిచినా మీ మామ కేసరిబాత్ తింటానే ఉంటాడు. మా మల్లిక సిగ్గుపడితే దిగొస్తాడు. ముందే చెప్తే దానికి సిగ్గుపడేది చేతకాదు' అన్నాడు. 'నేనుండేదాకా చెప్పొద్దు, కొడతాది' అని కూడా అన్నాడు."

నేను నేరుగా వంటింట్లోకి వెళ్లాను. "అమ్మా, నీకు తెలుసా?"

అమ్మ సాంబారు గిన్నె దించి నావైపు చూసింది. "తెలీకుండా మేకు యాడనుంచి వచ్చినాది? ముందు దినమే కొంగుకు కట్టుకుంటి. ధర్మవరం పట్టుచీర, కొంగుకు రంధ్రం పడినాది. మీ నాయన ఇంకొకటి కొనిస్తానని పోయినోడు పోయినాడు," అంది. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. గరిటె తుడుచుకుంది.

కోపం రావాలి. సిగ్గు రావాలి, అది నాకు అలవాటైన వస్తువే. ఇన్నేళ్లు పెళ్లిళ్లలోనూ స్టాఫ్‌రూములోనూ తలవంచుకుని దాచుకున్న ఆ సిగ్గును నాయన ఆ పూటే ఖర్చుపెట్టి, పెనుకొండలో ఇందరి కాళ్లకు తొడిగేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, ఈసారి లోపలికి దిగలేదు. నవ్వొచ్చింది.

గుమ్మంలోకి వెళ్లాను. చదివేవాడి కోసం నాలుకలు పైకి పెట్టుకుని బూట్లు అలాగే ఉన్నాయి. చీర కుచ్చిళ్లు దోపుకుని గొంతుక్కూర్చున్నాను. మొదటి జత ఎస్ త్రీ. రెండోదీ ఎస్ త్రీ. మూడోదాన్ని వెలుతురులోకి తిప్పాను.

"ఇవి ఎవురివప్పా?" అన్నాను లోపలికి వినబడేలా.

"నావేక్కా," అన్నాడు మహేష్, విస్తరి ముందు నుంచి.

"తేదీ చూసుకున్నావా? మార్చే టైము అయినాది."

వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టి లాగారు. చందన. మొహం ఎర్రగా అయిపోయి ఉంది. చుట్టూ చూసుకుంటూ గుసగుసగా అంది:

"అమ్మా, లెయ్ మా. అందరూ చూస్తాండారు. నాకు సిగ్గయితాంది."

"ఉండు పాపా," అన్నాను. "ఈ చివరి జత ఒకటి చూసి వస్తా."