వల కట్టిన గాజుబంతులు

మా అత్తగారు గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. బొబ్బిలిలో మా వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా ముందు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. నన్ను బాధపెట్టాలనుకున్నప్పుడు కూడా అదే మెత్తటి గొంతు. పెళ్ళయిన కొత్తలో అది ప్రేమే అనుకున్నాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. నాన్న చేపల వేటకి వెళ్తాడు. వేట లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని వలలు అల్లుతాడు. పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. కాలేజీలో పరిచయమైన అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చాను. వాళ్ళు క్రైస్తవులు, మేము ఊరమ్మవారికి మొక్కేవాళ్ళం. గొడవ వస్తే దేవుడి దగ్గరే వస్తుందనుకున్నాను. దేవుడి గురించి ఒక్క మాటా రాలేదు. అత్తగారికి అడ్డొచ్చింది మా నాన్న వల. చుట్టాలందరికీ "అమ్మాయి వాళ్ళది రొయ్యల వ్యాపారం" అని చెప్పుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

ఆ డిసెంబరులో మా ఆయన పెద్ద సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసక నింపిన బకెట్లో క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టాడు. దాని మీదికి అలంకరణలు కొనడం ఎందుకు, నేనే చేస్తానన్నాను. ఇప్పుడందరూ ఎల్ఈడీలే వాడుతున్నారు కదా, ఎలక్ట్రికల్ షాపులో మాడిపోయిన పాత బల్బులు ఓ మూల పడున్నాయి. అడిగితే ఊరికే ఇచ్చారు. పటకారుతో మూత దగ్గరి నల్లటి గాజు చిదిపి, లోపలి తీగలు లాగేసి, కడిగి ఎండబెట్టాను. పల్చటి జిగురు లోపల పోసి తిప్పి, మెరుపుల పొడి వేసి ఆడిస్తే బల్బు గోడలంతా అంటుకునేది. కొన్ని బంగారు రంగు, కొన్ని నెమలిపింఛం రంగు. ఆ పైన సన్నటి నైలాను దారంతో ఒక్కోదానికీ వల అల్లాను, ముడికో పూస గుచ్చి. బల్బు గుండ్రం కదా, కిందికొచ్చేకొద్దీ వల కన్ను చిన్నది చేయాలి. రోజూ వంటయ్యాక పెరటి గుమ్మంలో కూర్చుని అదే పని.

"ఏటిది, భలే ఉన్నాది!" అన్నాడు మా ఆయన, మొదటిది చేతిలోకి తీసుకుని. అత్తగారు అటుగా వెళ్తూ చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయారు.

పండగ ముందు ఒక మధ్యాహ్నం మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూటం జరిగింది. అయ్యాక పాస్టరమ్మగారు చెట్టు దగ్గరే నిలబడిపోయారు. "ఎంత బాగున్నాయమ్మా! ఈ అల్లిక ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా నాన్న దగ్గరండి. వేటకెళ్ళని రోజుల్లో వలలు అల్లుతాడు."

మా అత్తగారి ఆడపడుచు కేకు తింటున్నదల్లా తలెత్తింది. "రొయ్యల యాపారం అన్నావు కదొదినా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అత్తగారు కూడా నవ్వి, కేకు పళ్ళెం పక్కావిడకి అందించారు.

మర్నాడు మా ఆయన విజయనగరం పనికి వెళ్ళిపోయాడు. పెరట్లో మేస్త్రి ప్రహరీగోడ ఎత్తు పెంచి, పైన సిమెంటులో సీసాపెంకులు గుచ్చుతున్నాడు. అత్తగారు నన్ను పిలిచారు.

"సెట్టు మీదవన్నీ దింపమ్మా. గోడకి గాజు సాలట్లేదంట."

మేస్త్రి విన్నాడు. "బల్బు గాజు గోడకి పనికిరాదమ్మగారూ. సేత్తో నొక్కితే పొడైపోతాది."

"తెలుసు నాయనా. అయినా ఏసెయ్."

ఎందుకు చేశావని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అత్తగారు అరిచుంటే ఎదురుతిరిగేదాన్ని. ఆవిడ బట్టలుతికే రాయి పక్కన కుర్చీ వేసుకుని, గోనెసంచి పరిచి, పచ్చడిబండ నా చేతికిచ్చారు. ఒక్కొక్కటీ బండతో కొట్టాను. గాజు పగిలింది గానీ వల వదల్లేదు. పెంకులన్నీ లోపలే చిన్న మూటలా ఉండిపోయాయి.

"దారాలు తీసెయ్. మా గోడ మీద వలలు యేలాడ్డమేటి?"

బ్లేడుతో దారాలు కోస్తుంటే ఒక పెంకు కుడిచేతి చూపుడువేలి మొదట్లో లోతుగా దిగింది. రక్తం చూసి మేస్త్రి నిచ్చెన దిగాడు. అత్తగారు తొందరపడలేదు. లోపలికెళ్ళి తన పెట్టె తెచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సన్నటి పటకారుతో పెంకు ముక్కలు తీశారు. అంత నేర్పుగా, అంత నెమ్మదిగా నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

"మీవోళ్ళకి గాజు కొత్త. గాలాలయితే అలవాటు," అన్నారు తుడుస్తూ. "నొప్పెడతందా? నొప్పెట్టాలి. ఇకమీద నలుగుర్లో నోరు తెరిసే ముందు గురుతుంటాది."

తర్వాత "వేలు ముడువు," అన్నారు. ముడిచాను. అది ముడుచుకోలేదు. ఆవిడ కాసేపు దాన్నే చూసి, చక్కగా కట్టు కట్టేశారు.

సాయంత్రం మా ఆయన చెట్టునీ, నా చేతినీ చూశాడు. జరిగింది చెప్పాను. "పండగ ముందు గొడవెందుకే, అమ్మ సంగతి తెలుసు కదా," అని స్నానానికి వెళ్ళాడు.

పుండు మానింది. వేలు మాత్రం కొయ్యలా అలాగే ఉంది. సంక్రాంతి కూడా దాటిపోయాక విజయనగరంలో డాక్టరుకి చూపించాం. "ముందు కట్టు ఎవరు కట్టారు?" అని అడిగాడాయన.

"మా అమ్మేనండి. నర్సుగా చేసింది," అన్నాడు మా ఆయన, కాస్త గర్వంగానే.

డాక్టరు అతని వంక చూశాడు. "నర్సయితే వేలు ముడుచుకోనప్పుడే తెలిసుండాలే, లోపల వేలిని ముడిచే నరం తెగిందని. వెంటనే తెస్తే కుట్టేవాళ్ళం. ఇప్పుడు కష్టం."

ఇంటికొచ్చేసరికి అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"అత్తయ్యా, ఆ రోజు నరం తెగిందని మీకు తెలుసా?"

"తెలుసు," అన్నారు తలెత్తకుండా. "ఆస్పత్రికెళ్తే ఏటయింది, ఎలా అయిందని పదిమంది అడుగుతారు. పండగ పూట ఏటని సెప్పను?" కొడుకు మొహం చూసి, అతన్ని ఊరడిస్తున్నట్టు అన్నారు, "ఎడం సెయ్యి ఉంది కదరా."

అతను అరుస్తాడనుకున్నాను. మంచం మీద కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు నాకెందుకూ పనికిరాలేదు. నేను బట్టలు సర్దుకుని బస్టాండుకి నడిచాను. బస్సు కదిలే ముందు తన సంచి పట్టుకుని అతనూ ఎక్కాడు.

ఇప్పుడు ఆమదాలవలసలో రైలుపట్టాల పక్కన రెండు గదుల్లో ఉంటున్నాం. ఆదివారాలు అతను బొబ్బిలి వెళ్తాడు. నేను వెళ్ళను. వచ్చేటప్పుడు ఆవిడ స్టీలు క్యారేజీలో కూర పంపిస్తుంది. "నా గురించి అడిగిందా?" అంటే అబద్ధం చెప్పడం రాదు అతనికి, "లేదు" అంటాడు. కూర బాగుంటుందని వాసనకే తెలుస్తుంది. అతనొక్కడే తింటాడు.