సమాధుల తోటకు ఎన్ని గంపల ఆకు

మా లక్సెట్టిపేటలో చర్చి వాళ్లు చనిపోయినవాళ్లను పూడ్చే జాగాను సమాధుల తోట అంటారు. తోట అట. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అందులో తుమ్మ పొదలు తప్ప చెట్టన్నది లేదు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్న, బాపు, పోయింది నడి వేసవిలో. మిట్టమధ్యాహ్నం గుంత దగ్గర పాస్టరు, పెట్టె మోసినవాళ్లు, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ, నేను మిగిలాం. తక్కినవాళ్లంతా రోడ్డవతల చింతచెట్టు కిందికి పోయి నిలబడ్డారు. వాళ్లనేమనగలను? కాళ్ల కింద నేల పెనంలా కాలుతోంది. అయినా కోపం ఆగలేదు. వాళ్లలో సగం మందికి పెళ్లి బట్టలు కుట్టిన మనిషికి ఆఖరి ప్రార్థన రోడ్డవతల నుంచి చేస్తారా? పాస్టరు కూడా చెమట తుడుచుకుంటూ వాక్యాన్ని సగంలోనే ముగించాడు. ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాక అవ్వ ఒకటే మాట అన్నది.

"నన్ను మాత్రం గిట్ల ఎండల వెట్టి పోకు బిడ్డా."

ఆ వానకాలమే వేప, కానుగ మొక్కలు తెచ్చి గోడ వెంట, సమాధుల నడుమ నాటాను. బాపు తలాపున ఒక వేప పెట్టాను. చలికాలం దాకా బాగానే లేచాయి. ఎండలు ముదరగానే అసలు తిప్పలు మొదలయ్యాయి. అక్కడ బోరు లేదు. స్కూటీ మీద క్యాన్లతో మోసుకుపోయి పొద్దున నీళ్లు పోస్తే సాయంత్రానికి మన్ను పొడిపొడి అయ్యేది. మొదళ్లలో ఆకో గడ్డో మందంగా కప్పితే తప్ప అవి వేసవి గట్టెక్కవు.

ఎంత కప్పాలో తెలియక ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకాయన మల్చింగ్ అంటూ మొదలుపెట్టి కొబ్బరి పొట్టు సంచులు తెప్పించుకోమన్నాడు. ఇంకొకామె నల్ల ప్లాస్టిక్ కాగితం పరచమంది. మా దగ్గర ఊరికే దొరికేదాని మాట ఎవరూ ఎత్తలేదు. మేం మాత్రం తక్కువా? మిషన్ కోత కాగానే వరిగడ్డిని మడిలోనే తగలబెడతాం. రాలిన వేపాకును పొద్దున్నే వాకిట్లో కుప్ప చేసి అగ్గిపుల్ల గీస్తాం. తెల్లారితే ఊరంతా పొగే.

చర్చి కమిటీలో పెద్దమనిషి మా బాపుకు అన్న వరస, నాకు పెద్దబాపు. ఆయన్ని అడిగితే, "రెండు సంచులు జల్లు, అయిపోతది. చెత్తనే గద" అన్నాడు. చెత్త అన్న ఆ మాట నాకు అప్పుడే గుచ్చుకుంది.

నేనూ బాపులాగే బట్టలు కుట్టి బతికేదాన్ని. కొలతలు ఇంకొకరు చెప్పాలా అనుకుని టేపు పట్టుకుని పోయాను. ఒక మొక్క చుట్టూ మూరెడు దూరంలో గుండ్రంగా గీత గీసి, లోపల గంపెడాకు పోశాను. బెత్తెడు మందం వచ్చింది. నీళ్లు చల్లి వారం ఆగి చూస్తే రెండు వేళ్లకు దిగింది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకుకు కుంచించుకుపోవడం లాంటిదే ఇదీ. అది తెలిసినదాన్ని కాబట్టి ముందే ఎక్కువ వదిలి, మొక్కకు రెండు గంపలని లెక్క వేసుకున్నాను. మెడ దగ్గర మాత్రం వదులుగా ఉంచాలి, ఆకు కాండానికి ఆనితే చెదలు పడతాయి. టేకు ఆకైతే నలిపి వేయాలి, లేకుంటే నీళ్లు పైనుంచే జారిపోతాయి. అన్నిటికీ కలిపి నలభై గంపలు తేలింది.

అలా వంగి కొలుస్తుంటే దారిన పోయేవాళ్లెవరో చూశారు. ఆదివారం చర్చి మెట్ల మీద ఒకామె నా చెయ్యి పట్టుకుని, "అవ్వకు పానం బాగలేదా? జాగ ముందుగాలనే కొలిచి పెడుతున్నవట" అంది. అవ్వ నా పక్కనే ఉంది.

"నేనే కొలువుమన్న. జర లావైన గద" అన్నది అవ్వ.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నలభై గంపల కోసం వీధులన్నీ తిరిగాను. అంటించబోయే కుప్పల ముందు నిలబడి బతిమాలాను, కొన్నిచోట్ల కొట్లాడాను. టైలరమ్మకు గిరాకీ తగ్గినట్టుందని వెనక అనుకోవడం వినిపించేది. అననీ అనుకున్నాను. గుడ్ ఫ్రైడేకు ముందే అన్ని మొదళ్లకూ కప్పడం అయిపోయింది. నీళ్లు పోసిన మూడో నాడు ఆకు కిందికి చెయ్యి పెడితే మన్ను ఇంకా చల్లగానే ఉంది. ఆ రోజు నాకు కడుపు నిండినట్టయింది.

ఈస్టరు నాడు తెల్లవారుతుండగానే మావాళ్లంతా పూలు, కొవ్వొత్తులు తీసుకుని ఆరాధనకు సమాధుల తోటకే వస్తారు. నేనూ అవ్వా బంతిపూల సంచితో పోయేసరికి గేటు దగ్గరే కాలిన వాసన వచ్చింది. లోపల ఒక్క ఆకు లేదు. రాళ్లకు సున్నం వేశారు. మూలన బూడిద కుప్ప ఇంకా పొగ కక్కుతోంది. దాని సెగకు పక్కనున్న రెండు కానుగలు మాడిపోయాయి. పెద్దబాపు కొత్త తెల్ల చొక్కాలో ఎదురొచ్చాడు. ఆ చొక్కా నేను కుట్టిందే.

"చూసినవా బిడ్డా, నిన్న మనోళ్లందరం వచ్చి అద్దం లెక్క ఊడ్చినం. ఎక్కడిదో గంత చెత్త."

"అది చెత్త గాదు పెద్దబాపు. చెట్లకు నేను ఏసిన ఆకు."

"ఎండకాలం పోయినంక మల్ల ఏసుకోరాదు? పండుగనాడు చెత్తల నిలవడి పాటలు పాడుమంటవా?"

ఎండకాలం పోయాక వేసుకోవాలట. ఆ చొక్కా కాలరు ఇంకాస్త బిగుతుగా కుట్టాల్సింది. పాటలు పాడినంతసేపూ నేను పళ్లు బిగించుకునే ఉన్నాను. పాస్టరు క్రీస్తు తిరిగి లేవడం గురించి చెబుతుంటే, మాడిన కానుగల వైపు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు ప్రసంగం పొడుగైంది. ఎండ ఎక్కింది. ఒక్కొక్కరే రోడ్డవతల చింతచెట్టు కిందికి జారుకున్నారు. పెద్దబాపు కూడా నెత్తి మీద తువ్వాల కప్పుకుని గేటువైపు నడిచాడు.

అప్పుడు అవ్వ కుర్చీలోంచి లేచింది. బాపు రాతి మీద తను పరిచిన బంతిపూలనే దోసిళ్లతో తీసి వేప మొదట్లో పోయసాగింది. కాండానికి ఆనకుండా, నేను చెప్పినట్టే పోసింది. పెద్దబాపు ఆగాడు.

"పూలు తీస్తున్నవేందమ్మా? తమ్మునికి వెట్టినయి గద."

"రాయికెందుకు బావా? దీనికేస్తే ఆయినకు నీడన్న అయితది." ఇంకో దోసిలి పోసి అవ్వ మళ్లీ అన్నది. "నీ జాగ గూడ గిక్కడనే గద. ఎండల పంటవా?"

ఆయన తువ్వాల సర్దుకుని చింతచెట్టు కిందికే పోయాడు.

నేను కూర్చుని చూశాను. సంచెడు పూలు పోసినా ఆ ఒక్క మొక్కకే వేలెడు మందం రాలేదు. ఎండితే అదీ ఉండదు.

"సరిపోతయా?" అని అడిగింది అవ్వ.

"యాడ సరిపోతయే? మల్ల నలపై గంపలు తేవాలె."

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అయితె జర జల్ది తే బిడ్డా. నీ చెట్లు పెరిగేదాంక నేను ఆగుతనో లేదో."