ఏడ్చినప్పటి టైము

నేను రిటైరైన మరుసటి ఏడాది, మామిడిపళ్ల రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, అల్మాస్‌గూడలోని మా ఇంట్లో ఊరికే కూర్చోలేక రాత మొదలుపెట్టాను. కథలూ కవితలూ నాకు చేతకావు. కాన్పుకొచ్చిన ఆడవాళ్ల దగ్గర విన్న ఆచారాలను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. నొప్పులు మొదలవగానే ఇంట్లో పెట్టెల తాళాలు తీయించే అత్తలు, కోడలి జడ విప్పించే అమ్మలక్కలు ఎందరినో చూశాను. ఎందుకమ్మా అని అడిగితే ఒక్కరూ సరిగా చెప్పరు. అయినా అడగడం మానలేదు. నాకు ఆరా ఎక్కువని మా ఆయన విసుక్కుంటాడు, అది నిజమే.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ సతాయించింది పుట్టిన టైము. జాతకం రాయించాలంటే నిమిషంతో సహా కావాలి. లేబర్ రూమ్‌లో, అంటే కాన్పు గదిలో, బర్త్ రిజిస్టర్ ఉంటుంది. బిడ్డ ఒళ్లంతా బయటికొచ్చిన నిమిషం అందులో రాయాలి. ఆ నిమిషానికి నర్సు రెండు చేతులూ బిడ్డ మీదే ఉంటాయి, గోడ గడియారం వైపు ఎవరు చూస్తారు? మేం తలెత్తి చూసినప్పుడే పుట్టినట్టు లెక్క. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పేవాళ్లం కాదు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున సరూర్‌నగర్ నుంచి యాదమ్మ అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మా పాత ఆయాను అడిగి ఇల్లు కనుక్కుందట. కూతురు పేరు సంధ్య, ఎల్బీ నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్.

"గుర్తు వట్టిన్రా సిస్టరమ్మా? గీ పిల్ల మీ చేతులల్లనే పుట్టింది" అంది యాదమ్మ.

నాకు గుర్తు రాలేదు. ఆమె సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి నా చేతిరాతతో ఉన్న డిశ్చార్జ్ కార్డు. రెండోది క్యాలెండర్ కాగితం. దాని వెనక ఆమె భర్త ఆనాడు పెన్సిల్‌తో టైము రాసుకున్నాడు. రెండింటిలోనూ మూడూ ఇరవై.

"దీనికి లగ్గం మాట్లాడుతున్నం. గీ టైముకు మూల నచ్చత్రమంట. మామకు గండమంటున్నరు. పిల్లగాడు మంచోడు, దీనికి గూడ ఇష్టమే. వాళ్లమ్మనే ఒద్దంటున్నది. జర ముందట పుడితె జ్యేష్ఠ అయితుండెనంట. గప్పుడు గండం బావకంట, పిల్లగానికి అన్ననే లేడు. నాలుగు నిమిషాలు ముందట రాసియ్యుండ్రి సిస్టరమ్మా, మీ కాల్మొక్త."

"అమ్మా, గట్ల అడగకు" అంది సంధ్య. కానీ ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి.

రాయనని చెప్పబోయాను. ఆ పెన్సిల్ గీతలు చూస్తుంటే తలుపు బయట చేతి గడియారం పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. దాంతో మిగతాదంతా గుర్తొచ్చింది.

సంధ్య పుట్టిన మధ్యాహ్నం డాక్టరమ్మ పక్క గదిలో ఆపరేషన్‌లో ఉంది. బిడ్డ బయటికొచ్చింది కానీ ఏడవలేదు. ఒళ్లు నీలంగా ఉంది. యాదమ్మ సోయిలో లేనట్టే ఉంది, అయినా చూస్తుందేమోనని వీపు అడ్డం పెట్టి నిలబడ్డాను. తుడిచాను, వీపు రుద్దాను, ఆంబు బ్యాగ్ పెట్టాను. అది ముఖానికి మాస్కు పెట్టి ఊపిరి అందించే రబ్బరు సంచి. ఎంతసేపు నొక్కానో తెలియదు. బిడ్డ కెవ్వుమన్నాకే తలెత్తి గడియారం చూశాను. బయట తండ్రి కూడా ఆ ఏడుపు వినే టైము రాసుకున్నాడు. అందుకే ఇద్దరి లెక్కా కుదిరింది.

ఈ సంగతంతా ఆ తల్లీబిడ్డలకు చెప్పేశాను. యాదమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఎంతసేపు ఏడ్వలేదు మేడం?" అని సంధ్య అడిగింది.

"తెల్వదు బిడ్డా. తెల్వంది ఎట్ల రాయాలె?"

చివరికి ఒక కాగితం మీద రాసిచ్చాను: 'కార్డులో ఉన్నది బిడ్డ ఏడ్చిన సమయం. పుట్టింది అంతకన్నా ముందు. ఎన్ని నిమిషాలో నేను చూడలేదు.' వాళ్లు అడిగింది ఇది కాదని నాకు తెలుసు. ఎన్ని నిమిషాలో తెలియకుండా ఏ పంతులూ ఏమీ తేల్చలేడు.

రెండో రోజు పెళ్లికొడుకు తండ్రే వచ్చాడు. బాటసింగారం మార్కెట్లో పండ్ల వ్యాపారి. మామిడిపళ్ల పెట్టె గుమ్మంలో పెట్టి, కూర్చోకుండానే అడిగాడు.

"మీరు రాసింది నిజమేనా సిస్టరమ్మా? ఊపిరి లేకుండెనా పిల్లకు?"

"లేకుండె."

"మీరు ఊదితె ఒచ్చిందా?"

"నేను ఊదిన. తీసుకున్నది ఆమెనే."

ఆయన జేబులోంచి నేను రాసిచ్చిన కాగితం తీసి చూశాడు. "పుట్టంగనే సావుతోని కొట్లాడి గెల్సిన పిల్ల నాకు సావు తెస్తదా? గండం నాకైతె ఒద్దనాల్సింది నేను. నేనంటలేను." అక్కడి నుంచే భార్యకు ఫోన్ చేసి, పెళ్లి కార్డులు అచ్చుకు ఇస్తున్నానని చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పెళ్లయిన నెలకు యాదమ్మ ఒక్కతే వచ్చింది. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"గా ముచ్చట మల్ల చెప్పుండ్రి" అంది. "మొదటికెంచి."

చెప్పాను. ఎక్కడ రుద్దారు, ఏమని పిలిచారు, ముందు కాలు కదిలిందా చెయ్యి కదిలిందా, అన్నీ అడిగింది. గుర్తున్నవి చెప్పాను, లేనివి లేవన్నాను.

ఇలాంటివి తల్లికి తెలియకుండా దాచడమే మంచిదని మా వృత్తిలో అనుకుంటాం. నేనూ ముప్పై ఏళ్లు అలాగే అనుకున్నాను. ఎందరు తల్లులకు అలా వీపు అడ్డం పెట్టానో లెక్క లేదు. ఇప్పుడు ఎవరైనా పుట్టిన టైము అడగడానికి వస్తే, ముందు కూర్చోబెట్టి ఆ బిడ్డ ఎలా పుట్టిందో గుర్తున్నంత చెబుతున్నాను. ఆ బుద్ధి నాకు యాదమ్మ వల్లే వచ్చింది. ఆ రోజు అంతా విన్నాక ఆమె కోపంగా కాదు, నెమ్మదిగానే అంది:

"నేను గూడ ఆడ్నే పండుకొని ఉన్నగద సిస్టరమ్మా. నా బిడ్డ బతుకుడు నాకొక్కదానికే తెల్వకపాయె."